కొండ చీలికకి కట్టిన బ్యానరు

శాలువా చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ గుడ్డ మీద నాకు వ్యక్తిగతంగా పగేమీ లేదు. తబూక్ లాంటి ఊళ్ళో చలికాలం దాని ఉపయోగం దానికుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, నవ్వుతూ మనిషి మీదికి వచ్చేవాళ్ళతోనే నా పేచీ. ఎందుకో చెప్తాను. మధ్యలో కాస్త గొంతు పెరిగితే సర్దుకోండి. ఇన్నేళ్ళయినా నాకు తగ్గలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు అవి. సౌదీలో వాయవ్య మూలనున్న తబూక్‌లో, ఒక పెద్దాసుపత్రిలో నేను నర్సుని. బీఎస్సీ చదివానన్న గర్వం ఇంకా పూర్తిగా వదల్లేదు. హాస్టల్లో మా అంతస్తులో అందరం కోస్తా జిల్లాలవాళ్ళమే. మాలో అందరికంటే పెద్దావిడ ఆపరేషన్ థియేటర్లో పనిచేసేది. గుంటూరు వైపు మనిషి. ఆవిడని అందరం అక్కా అనేవాళ్ళం. పేరు పెట్టి పిలిచేవాళ్ళు జీతాల ఆఫీసులో తప్ప ఎక్కడా లేరు.

థియేటర్‌కి కిటికీలుండవు. హాస్టల్ కిటికీలకి బయటి మగవాళ్ళ కళ్ళు పడకుండా తెల్లరంగు పూశారు. హాస్టల్‌కీ ఆసుపత్రికీ మధ్య తిరిగే బస్సుకి కర్టెన్లు. నెలకోసారి అదే బస్సు సూపర్ మార్కెట్టుకి తీసుకెళ్ళి, తలలు లెక్కపెట్టి, తిరిగి తెచ్చేది. అంటే అక్క ఒక దేశంలో వయసంతా గడిపి, ఆ దేశంలో టమాటాల వరకూ బాగా చూసింది. మిగతాది కర్టెన్ సందులోంచి చూసింది. దుమ్ము లేని రోజుల్లో ఆ సందులో, పడమటి దిక్కున, ఎర్రటి కొండల గీత ఒకటి కనబడేది. అక్క ఎప్పుడూ ఆ వైపు సీట్లోనే కూర్చునేది. ఎందుకని మేమెవరం అడగలేదు. ఆవిడకి ఎండ పడుతుందేమో అనుకున్నాం.

ఆవిడ కాంట్రాక్టు అయిపోయింది. పాస్‌పోర్టులో ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టేశారు. అది పడ్డాక ఇక ఈ దేశానికి తిరిగి రావడం ఉండదు. సామాను సర్దుతుంటే నేను వెళ్ళి మంచం మీద కూర్చున్నాను.

"ఇంకేమన్నా కొనుక్కోవాలా అక్కా? బంగారం?"

"కొన్నాలే. దాన్ని చూసేదేవుంది, లాకర్లో పెట్టుకోడమేగా." చీరలు మడతపెడుతూనే అంది. "నాకా కొండల్లోపలికి ఒక్కసారి పోవాలనుందే పిల్లా. లోపల ఏవుంటదో చూడాల. నవ్వకు."

నేను నవ్వలేదు. హాస్టల్లో అందర్నీ నవ్వించడం నా పని కాబట్టి, నవ్వకుండా ఉండాల్సిన చోటు నాకు తెలుసు.

నాకు దారి కూడా తెలుసు. మా వార్డులో తుంటి ఎముక విరిగి పడుకున్న ఒక బదూ, అంటే ఎడారి తెగ ముసలమ్మ కొడుకు జీపు నడిపేవాడు. కంపెనీల్లో పనిచేసే తెల్లవాళ్ళని సెలవురోజున కొండలకి తిప్పి తేవడం అతని వ్యాపారం. వాళ్ళమ్మకి మందులేసే వేళకి వచ్చి కబుర్లు చెప్పేవాడు. పడమటి వాదిలో, అంటే ఎండిపోయిన ఏటి లోయలో, ఒక కొండ నిలువునా చీలిందట. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. సూర్యుడు నెత్తి మీదికొచ్చిన కాసేపే లోపలికి వెలుగు దిగుతుందట. అప్పుడు గోడలు నిప్పుల్లా అవుతాయట. తర్వాత జీపులో పైకెక్కితే లోయంతా కాళ్ళకింద కనబడే ఒక అంచు ఉందట.

ఇక ప్లాను వేశాను. అంత మంచి ప్లాను నా జీవితంలో అంతకుముందూ వెయ్యలేదు, ఆ తర్వాతా వెయ్యలేదు. శుక్రవారం తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే బయల్దేరడం. దారిలో టీ. నెత్తిమీద పొద్దు వచ్చేసరికి చీలిక లోపల ఉండటం. ఆ తర్వాత అంచు మీదికెక్కి రొట్టె తినడం. పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకి ముందే హాస్టల్ గేటు. అక్క, నేను, మరో ఇద్దరు అమ్మాయిలు. అంతే.

ముష్రిఫా దగ్గరికెళ్ళాను. ముష్రిఫా అంటే హాస్టల్ మీద పెత్తనం చేసే ఆవిడ. ప్లానంతా ఓపిగ్గా విని ఒకే ప్రశ్న వేసింది.

"ఫ్యామిలీ ఉందా?"

"ఉంది. ఊళ్ళో ఉంది."

"ఇక్కడ?"

ఇక్కడ లేదు. ఉంటే హాస్టల్లో ఎందుకుంటాను? ఆ మాట ఆవిడతో అనలేదు. పెళ్ళయిన జంట ఎవరైనా వచ్చి, మేము వాళ్ళతో వెళ్తున్నామని సంతకం పెడితేనే గేటు తెరుచుకుంటుంది. యాభై దాటిన అక్క, మనుషుల పొట్టలు కోస్తుంటే డాక్టర్‌కి కత్తి అందించే అక్క, కొండ చూడాలంటే ఆవిడకి ఒక ఫ్యామిలీ కావాలి. ఆవిడ కష్టంతో ఊళ్ళో ఒక ఫ్యామిలీ మొత్తం బతికింది. అది పనికిరాదట.

అలా నేను తబూక్ తెలుగువాళ్ళ సంఘం అధ్యక్షుడిగారింటికి వెళ్ళాను. ఆయన ఏదో కంపెనీలో మేనేజరు. మంచివాడు. ఇది నేను వెటకారంగా అనడంలేదు. ఆయన మంచితనమే మా కొంప ముంచింది.

"అక్కగారు వెళ్ళిపోతున్నారా! ఇన్ఫర్మేషనే లేదే!" అని నొచ్చుకున్నాడు. "సంతకానికేవుంది సిస్టర్, పెడతాను. కానీ ఇంత సీనియర్ పర్సన్‌ని ఊరికే పంపిస్తే మన కమ్యూనిటీకి బాగుంటుందా?"

"ఊరికే కాదు సార్. కొండ చూడ్డానికి."

"అదే. అక్కడే ఒక చిన్న ప్రోగ్రాం పెట్టేద్దాం. ఓపెన్ ఎయిర్!"

అప్పుడే లేచి వచ్చెయ్యాల్సింది. కానీ సంతకం ఆయన జేబులో పెన్నులో ఉంది. గురువారం సాయంత్రం ఆయన హాల్లో కమిటీ కూర్చుంది. అమ్మాయిలం ముగ్గురం తలుపు దగ్గర కార్పెట్ మీద కూర్చున్నాం.

"బిర్యానీ ఎంతమందికి?"

"అందరూ వస్తారుగా, అందరికీ."

"కుర్చీలు మా సైటు నుంచి తెస్తా. పికప్పుంది."

"మైకు?"

"మా కంపెనీలో ఫైర్ డ్రిల్‌కి వాడే చేతి మైకుంది సార్. బ్యాటరీది. గట్టిగా వినబడుద్ది."

నేను చెయ్యెత్తాను. "సార్, పొద్దు నెత్తి మీదున్నప్పుడే లోపల వెలుతురు పడుతుంది. ఆ కాసేపే."

"వెరీ గుడ్. అంటే లంచ్‌కి ముందు. స్పీచెస్‌కి కరెక్ట్ టైం."

"స్పీచెస్ ఎందుకు సార్?"

గదంతా నావైపు తిరిగింది. కూరలో ఉప్పెందుకని అడిగినట్టు చూశారు.

"అక్క కోరింది కొండ చూడ్డం," అన్నాను.

"చూస్తారమ్మా! కొండెక్కడికి పోతుంది? వెనకాలే ఉంటుందిగా."

ఈ మాట ఆయన ఎంత నిజంగా అన్నాడో నాకు మర్నాడుగానీ అర్థం కాలేదు.

అధ్యక్షుడిగారి భార్య టీ ఇస్తూ నా భుజం తట్టింది. "నువ్వేం కంగారు పడకమ్మా. పొద్దున్న టిఫిన్ నాది. ఇడ్లీ, కొబ్బరి చట్నీ." నేను కంగారు పడటం లేదు మేడమ్, కోపంగా ఉన్నాను అని చెప్పడానికి అది సమయం కాదు. చేతిలో ఆవిడ టీ ఉంది.

శుక్రవారం ఫజర్ అయింది. తెల్లవారింది. ఎండొచ్చింది. మేం గేటు దగ్గరే ఉన్నాం. బిర్యానీకి దమ్ము ఇంకా పట్టలేదట. ఊరిబయట పెట్రోల్ బంకు దగ్గర జీపాయన చీకటితో వచ్చి కూర్చుని, వార్డు నంబరుకి ఫోన్ చేసి, అక్కడి నైట్ డ్యూటీ అమ్మాయి చేత నాకు చివాట్లు పంపించాడు. చివరికి రెండు వ్యాన్లు, నాలుగు కార్లు, కుర్చీల పికప్పు ఊరేగింపుగా బయల్దేరాయి. జీపాయన ఆ పికప్పుని చూశాడు, నన్ను చూశాడు.

"యా సిస్టర్, పెళ్ళికూతురు ఎవరు?"

నేను వ్యాన్లో కూర్చున్న అక్కని చూపించాను. ఆయన నవ్వలేదు. ఆయనా అప్పటికే కోపంలో ఉన్నాడు.

దారిలో గోధుమ పొలాలు దాటాక నేల ఎర్రబడటం మొదలైంది. అక్క ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా మీది ముసుగు కాస్త వెనక్కి తోసుకుని, అద్దానికి నుదురు ఆనించి కూర్చుంది. ఎవరో ఇడ్లీ ప్లేటు ఒళ్ళో పెడితే చూడకుండానే తింది. "అటుచూడు పిల్లా, ఆ రాయి ఏనుగులాగుంది," అంది. కాసేపటికి మళ్ళీ, "దాని పక్కది కూడా." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆ గంట మాత్రం నా ప్లాను బతికే ఉంది.

చీలిక దగ్గరికి చేరేసరికి పొద్దు దాదాపు నెత్తి మీదికి వచ్చేసింది. ఇంకా వేళ మించలేదు. దిగి నేరుగా లోపలికి నడిస్తే సరిపోతుంది. జీపాయన కూడా అదే చెప్పి, చేత్తో దారి చూపించాడు.

కమిటీ ఆ దారినే చూసింది. చూసి ముచ్చటపడింది. ఎందుకంటే బ్యానరుకి సరిపడే దూరంలో అటొక గోడ, ఇటొక గోడ. ఎడారిలో ఎక్కడ దొరుకుతుంది అంత చక్కటి ఏర్పాటు? ఒకాయన రాయెక్కి ఈ కొస కట్టాడు, ఇంకొకాయన ఆ కొస కట్టాడు. "ఆత్మీయ వీడ్కోలు" అని ఎర్ర రంగుతో రాసిన తెల్ల గుడ్డ చీలిక నోటికి అడ్డంగా, తలుపులా దిగింది. దానికింద కుర్చీ వేశారు. కుర్చీలో అక్కని కూర్చోబెట్టారు. ముఖం మావైపు. వీపు కొండవైపు.

అక్క ఒకసారి మెడ తిప్పి చూసింది. బ్యానరు వెనకభాగం కనబడింది.

"సార్, ముందు లోపలికి తీసుకెళ్ళొస్తాను. కాసేపే," అని అధ్యక్షుడిగారి చెవిలో చెప్పాను.

"రెండే నిమిషాలు సిస్టర్. జనం సెటిలయ్యారు. ఇప్పుడు డిస్టర్బ్ చేస్తే మళ్ళీ కూర్చోరు."

మొదటాయన లేచి నర్సు వృత్తి గొప్పతనం గురించి చెప్పాడు. రెండో ఆయన, మొదటాయన చెప్పాల్సిందంతా చెప్పేశారని చెప్పి, దాన్ని మళ్ళీ చెప్పాడు. మూడో ఆయనకి అక్క ఏ విభాగంలో పనిచేస్తుందో తెలియక, ప్రసవాల వార్డు అనుకుని, ఈ ఊళ్ళో ఎందరో పసిబిడ్డల తొలి ఏడుపు విన్న చేతులివి అన్నాడు. చేతులు వినడం గురించి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని అందరికీ తలూపుతోంది. జీపాయన నావైపు చూసి వేలితో ఆకాశం చూపించాడు. బ్యానరు పైఅంచున, చీలిక లోపలి గోడ మీద, సన్నగా ఒక నారింజ గీత దిగుతోంది. అది జానెడైంది, మూరెడైంది. ఎదురుగా కూర్చున్న అందరికీ కనబడుతోంది. ఎవరి కోసం వచ్చామో ఆవిడకి తప్ప.

నేను కుర్చీ వెనక్కి వెళ్ళి వంగాను. "అక్కా, లేచిరా. ఏవంటారో నేను చూసుకుంటా."

"వద్దే. ఇంతమంది నాకోసరం వచ్చారు. బాధపడతారు."

అప్పుడొచ్చింది నాకు అసలు కోపం. వాళ్ళమీద కాదు, అక్క మీద. ఎవరూ బాధపడకుండా బతకడం అనే పని ఆవిడకి ఎవరప్పగించారో గానీ, దానికి రిటైర్మెంట్ లేదు. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. అధ్యక్షుడిగారు మైకందుకుని, భుజం మీద శాలువాతో ముఖ్య ప్రసంగం మొదలుపెట్టారు.

ప్రసంగం ఊపందుకున్నాక అక్క కుడిచెయ్యి మెల్లగా లేచింది. నాలుగు వేళ్ళూ ముడిచి, చిటికెన వేలు పైకెత్తింది. ఒకటో తరగతిలో మాస్టారిని అడిగినట్టు.

అధ్యక్షుడిగారు వాక్యం మధ్యలో ఆగిపోయారు. మగవాళ్ళంతా ఒక్కసారిగా ఎదురుదిక్కున ఉన్న ఇసక గురించి ఆసక్తి పెంచుకున్నారు. "అయ్యో, వెళ్ళండి, వెళ్ళండి," అన్నారాయన. నలుగురు ఆడవాళ్ళు సాయానికి లేచారు. "నర్సుని, నేను తీసుకెళ్తా," అని వాళ్ళకంటే ముందు పరిగెత్తాను. అక్క బ్యానరు కింది అంచు ఎత్తింది. ఇద్దరం దూరాం.

లోపల చల్లగా ఉంది. మొదటి మలుపు దాకా మామూలు నీడే. మలుపు అవతల నుంచి మాత్రం పొయ్యి వెలుగులాంటిది నేలమీద పడుతోంది.

"నిజంగానే వచ్చిందా అక్కా?"

"పొద్దున్నించీ ఉందే. ఆపుకోడం మనకి కొత్తా?" అబాయా అంచులు పైకి దోపుకుంది. "పద, పద."

వెనకనుంచి మైకు వినబడుతూనే ఉంది. ఆపలేదాయన. ఖాళీ కుర్చీకి చెప్తున్నాడు. ఆవిడ నిరాడంబరత గురించి. మలుపు దగ్గరికి చేరేలోపే గొంతు మారింది. "సిస్టర్స్, అంతా ఓకేనా? ఎవరైనా లేడీస్ ఒకసారి వెళ్ళి చూడండి." ఆ వెంటనే ఆడవాళ్ళ మాటలు, బ్యానరు గుడ్డ కదిలిన చప్పుడు.

అక్క ఆగింది. వెనక్కి తిరగబోయింది. నిజంగా తిరగబోయింది.

"నువ్వు పో," అన్నాను. "అటే పో. నేను చూసుకుంటా."

"నువ్వు రావా?"

"పోవే!" అన్నాను. ఆవిడని ‘వే’ అని కసిరింది అదొక్కసారే. చిన్నపిల్లలా గబగబా మలుపు తిరిగిపోయింది. నేను వెనక్కొచ్చి, బ్యానరు ముందుకి దూరి, రెండు చేతులూ చాపి నిలబడ్డాను.

"ఎవరూ లోపలికి రావద్దు. అక్కకి విరేచనాలు."

అధ్యక్షుడిగారి భార్య గుండెమీద చెయ్యి పెట్టుకుంది. "మా చట్నీయా?"

"ఇప్పుడే చెప్పలేం మేడమ్," అన్నాను, వార్డులో బంధువులతో మాట్లాడే గొంతుతో. "ఇంకెవరికైనా కడుపులో తిప్పుతున్నట్టుందా? ఒళ్ళు చల్లబడటం? నోట్లో నీళ్ళూరడం?"

ఈ ప్రశ్న నర్సు అడిగితే ఏమవుతుందో అడిగిన నర్సుకి తెలుసు. కోశాధికారి మొదట పొట్ట పట్టుకున్నాడు. తర్వాత, పసిబిడ్డల ఏడుపుని చేతులు విన్నాయన్న మూడో వక్త. ఒకరొకరే రాళ్ళ వెనక్కి సర్దుకున్నారు, మగవాళ్ళు అటు, ఆడవాళ్ళు ఇటు. ముఖ్య ప్రసంగానికి మనుషులు మిగల్లేదు. నాతో వచ్చిన ఇద్దరమ్మాయిలూ విషయం కనిపెట్టి, గంభీరంగా అందరి నాడీ చూడటం మొదలెట్టారు. జీపాయన మాత్రం ఒక ప్లేటు బిర్యానీ పెట్టించుకుని తింటూ కూర్చున్నాడు.

నేను అక్కడే కదలకుండా నిలబడ్డాను. బ్యానరు నా వీపుకి తగులుతోంది. నా వెనక వెలుగు ఎలా దిగిందో, గోడలు నిప్పుల్లా అయ్యాయో లేదో నాకు తెలియదు. ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలు మాత్రం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టున్నాయి.

అక్క వచ్చేసరికి నీడలు వాలాయి. ముఖమంతా ఎర్రటి దుమ్ము. అధ్యక్షుడిగారు ఆవిడని కూర్చోనివ్వకుండానే భుజాల చుట్టూ శాలువా కప్పి, "ఎలా ఉందండీ?" అన్నారు. ఆవిడ ఆ శాలువా అంచుతో ముఖం తుడుచుకుంది. ఆరోగ్య కారణాల వల్ల అంచు మీదికెక్కే కార్యక్రమం రద్దయింది. అది చట్నీ ఖాతాలో రాశాను. ఆ చట్నీ మాట తెలిశాక ఏ ఫ్యామిలీ కూడా నాకు మళ్ళీ సంతకం పెట్టలేదు. నేను ఆ ఊరు వదిలేదాకా ఆ మలుపు అవతల ఏముందో చూడలేదు.

తిరుగు దారిలో అక్క పక్కన కూర్చున్నాను. ముందు సీట్లో అధ్యక్షుడిగారు, ఆయన భార్య.

"ఏవుందక్కా లోపల?" అని మెల్లగా అడిగాను.

అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. పొలాలు దాటాక ఇటు తిరిగింది. ముఖం చూసి భయపడ్డాను. నేననుకున్న సంతోషం అందులో లేదు.

"ఎంతసేపయింది మనం బయల్దేరి?"

"గంటన్నర ఉంటుంది."

"గంటన్నర." ఆవిడ వేలితో వెనక్కి చూపించింది. "ఇన్నేళ్ళూ గంటన్నర దూరంలో ఉందంటే అది. నన్ను గదిలో పెట్టి తాళవేసి, దాన్నక్కడ పెట్టుకున్నారంటే వీళ్ళు! టమాటాలు చూపిస్తారా నాకు? టమాటాలు?"

"సిస్టర్, కాస్త రెస్ట్ తీసుకోండి," అన్నారు అధ్యక్షుడిగారు వెనక్కి తిరిగి.

"మీరు మాట్లాడబాకండి!" అంది అక్క. "దాని నోటికి గుడ్డ కడతారా అయ్యా? చదువుకున్నోళ్ళు! గుడ్డ కట్టి, నన్ను దానికి వీపు పెట్టి కూర్చోబెడతారా? కొండ కంటే మీ మాటలు బాగుంటాయా?" ఆయన భార్య ఏదో అనబోతే, "నువ్వూ ఆగమ్మా, నీ ఇడ్లీలు బానే ఉన్నాయి," అని అటూ ఒకటి వేసింది. తర్వాత నావైపు తిరిగింది. "నీకు దారి తెలిసి ఎన్నాళ్ళయిందే? ఆ ముసల్ది వార్డులో పడుకుని ఎన్నాళ్ళయింది? పోయేముందా చెప్పేది నాకు?"

డ్రైవరు అద్దం సర్దుకుని నెమ్మది చేశాడు. ఆవిడ ముష్రిఫాని తిట్టింది, బస్సుని తిట్టింది, కిటికీలకి రంగేసినవాడిని తిట్టింది, ఏ కొండా చూడకుండా ఇన్నేళ్ళూ కాంట్రాక్టుల మీద సంతకాలు పెట్టిన తనని తిట్టుకుంది. అంత మంచి తిట్లు థియేటర్లో మత్తిచ్చిన రోగుల దగ్గర కూడా విని ఉండం. ఊళ్ళోకొచ్చాం. సిగ్నళ్ళు దాటాం. అధ్యక్షుడిగారు రోడ్డు వంకే చూస్తూ కూర్చున్నారు. "సిస్టర్, ఇక ఆపించు," అని ఒకసారి నాకు మాత్రం వినబడేలా అన్నారు.

నేను ఆపించలేదు.